ఒక్క షేరు మహిమ

స్పోర్ట్స్ కార్ల కంపెనీ పని కార్లు చేయడమేనని నమ్మే అమాయకులు ఇంకా ఉన్నారు. జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరం, జుఫెన్‌హౌసెన్ అనే చోట పోర్షె ఫ్యాక్టరీలో కార్లు తయారవుతున్న మాట వాస్తవమే. అవి బాగా పరిగెడతాయని కొన్నవాళ్లూ, కొనలేనివాళ్లూ ఒకే గొంతుతో చెబుతారు. కానీ పోర్షె వారి అసలు ఇంజనీరింగ్ ప్రతిభను బానెట్ ఎత్తి వెతికితే దొరకదు. (911 మోడల్‌లో ఇంజనే అక్కడ ఉండదు, వెనకాల ఉంటుంది.) ఆ ప్రతిభంతా వాటాదారుల రిజిస్టరులో ఉంది. ఇంతటి యంత్రానికి ఇప్పటివరకూ ఏ మోటార్ పత్రికా రివ్యూ రాయకపోవడం అన్యాయం. ఆ లోటు తీర్చడానికే ఈ వ్యాసం.

ముందు యంత్రం అమరిక చూద్దాం. పోర్షె, పియెష్ అని రెండు కుటుంబాలు. పోర్షె ఎస్ఈ అనే హోల్డింగ్ కంపెనీలో ఓటున్న షేర్లన్నీ వీళ్లవే. ఆ పోర్షె ఎస్ఈకి ఫోక్స్‌వ్యాగన్ పెట్టుబడిలో 31.9 శాతం వాటా, ఓట్లలో మాత్రం 53.3 శాతం. ఆ ఫోక్స్‌వ్యాగన్‌కి కార్లు చేసే పోర్షె ఏజీలో ముప్పావు వంతు ఓట్లు, ఒక్క షేరు తక్కువ. మిగిలిన పావు వంతు, ఆ ఒక్క షేరుతో కలిపి, మళ్లీ పోర్షె ఎస్ఈ దగ్గరే. మరి పోర్షె యజమాని ఎవరు? ఫోక్స్‌వ్యాగన్. ఫోక్స్‌వ్యాగన్ యజమాని ఎవరు? పోర్షె. ఇంకా అడిగితే మీకు కార్పొరేట్ సంస్కారం లేదని అర్థం.

ఇదంతా ఒక్క రోజులో కుదిరింది కాదు, దీని వెనక మూడు తరాల కృషి ఉంది. తాతగారు ఫెర్డినాండ్ పోర్షె, బీటిల్ కారు రూపకర్త. ఆయన కొడుకు ఫెర్రీ సంతానం పోర్షెలు, కూతురు లూయీజ సంతానం పియెష్‌లు. 1972 నాటికి వీళ్ల కలహాలు ఎంత దూరం వచ్చాయంటే, కుటుంబ సభ్యులెవరూ కంపెనీలో ఉద్యోగం చేయకూడదని కుటుంబమే తీర్మానించుకుంది. అలా బయటికి వచ్చిన కూతురి కొడుకు ఫెర్డినాండ్ పియెష్ ఆడి కంపెనీలో చేరి, ఎదిగి, 1993లో ఫోక్స్‌వ్యాగన్ అధిపతి అయ్యాడు. తర్వాత పర్యవేక్షక బోర్డు చైర్మన్‌గా కూర్చున్నాడు. మేనమామ కొడుకు వోల్ఫ్‌గాంగ్ పోర్షె ఇటు పోర్షె బోర్డుకు చైర్మన్ అయ్యాడు. మన వరసలో చెప్పాలంటే బావా బావమరుదులు. పియెష్‌కి పోర్షెలోనూ పెద్ద వాటా ఉండేది, ఆ బోర్డులోనూ కుర్చీ ఉండేది. ఏ పక్షం గెలిచినా ఆయన ఓడే అవకాశం లేదన్నమాట. దూరదృష్టి అంటే ఇది.

2005 సెప్టెంబరులో పోర్షె ఫోక్స్‌వ్యాగన్‌లో 20 శాతం దాకా వాటా కొంటున్నట్టు ప్రకటించింది. బయటివాళ్లెవరో వచ్చి ఫోక్స్‌వ్యాగన్‌ను కబళించకుండా కాపాడటమే తమ ధ్యేయమని చెప్పింది. ఏడాదికి లక్ష కార్లు చేసే కంపెనీ, 50 లక్షల పైచిలుకు కార్లు చేసే కంపెనీకి రక్షణ కవచంగా నిలబడింది. తర్వాత ఆ కవచం కాస్త బిగుసుకుంది, ఇంకా బిగుసుకుంది, 2009 జనవరికి 50 శాతం దాటింది.

ఈ రక్షణ యజ్ఞానికి ప్రధాన రుత్విక్కు సీఈవో వెండెలిన్ వీడెకింగ్. 1990ల మొదట్లో దివాలా అంచున ఉన్న కంపెనీని నిలబెట్టిన మనిషి, ఆ ఘనత ఎవరూ కాదనలేరు. ఆయన పక్కన ఫైనాన్స్ అధిపతి హోల్గర్ హెర్టర్. ఫోక్స్‌వ్యాగన్ షేర్ల మీద వీళ్లు కొన్న ఆప్షన్లు (షేరు ధర పెరిగితే లాభమిచ్చే ఒప్పందాలు) ఎంత ఫలించాయంటే, 2007-08 ఆర్థిక సంవత్సరంలో పోర్షె అమ్మకాలు సుమారు 750 కోట్ల యూరోలు, పన్నుకు ముందు లాభం సుమారు 860 కోట్ల యూరోలు. మరోసారి చదవండి, అచ్చుతప్పు కాదు. ఆ ఏడాది చేసిన కార్లన్నిటినీ రోడ్డున పోయేవాళ్లకు ఊరికే పంచిపెట్టినా లాభం మిగిలేది. అయినా డబ్బు తీసుకునే అమ్మారు, అలవాటు కొద్దీ.

2008 అక్టోబరు 26, ఆదివారం. అమెరికా బ్యాంకు లేమాన్ బ్రదర్స్ కూలి నెల దాటింది, లోకమంతా వణుకుతోంది. అప్పుడు పోర్షె ఒక ప్రకటన చేసింది: ఫోక్స్‌వ్యాగన్‌లో తమకు 42.6 శాతం షేర్లున్నాయి, మరో 31.5 శాతం మీద ఆప్షన్లున్నాయి. వెరసి 74.1. లోయర్ సాక్సనీ రాష్ట్ర ప్రభుత్వం దగ్గర 20 శాతానికి కాస్త ఎక్కువ. ఇక మార్కెట్లో అమ్మకానికి మిగిలింది ఆరు శాతం లోపే. కానీ ఆ షేరు పడిపోతుందని లెక్కేసి, షేర్లు అప్పు తెచ్చి అమ్మేసిన హెడ్జ్ ఫండ్లనే పెట్టుబడి సంస్థలు తిరిగి కొని ఇవ్వాల్సింది దానికి దాదాపు రెట్టింపు. ఉన్న షేర్లు తక్కువ, కావాల్సినవాళ్లు ఎక్కువ. శుక్రవారం 210 యూరోల దగ్గరున్న షేరు మంగళవారానికి వెయ్యి దాటింది. కాసేపు ఫోక్స్‌వ్యాగన్ ప్రపంచంలోకెల్లా విలువైన కంపెనీ అయింది. ఆ ఘనత కోసం కొత్తగా ఒక్క కారు కూడా చేయాల్సిన పని పడలేదని గమనించాలి. మార్కెట్‌ను తప్పుదారి పట్టించారని తర్వాత కేసు నడిచింది. 2016లో స్టుట్‌గార్ట్ కోర్టు వీడెకింగ్‌నూ హెర్టర్‌నూ నిర్దోషులని తేల్చింది కాబట్టి మనం కూడా మర్యాదగానే మాట్లాడదాం.

చిక్కల్లా ఒక్కటే. వాటా 75 శాతానికి చేరితే, ఫోక్స్‌వ్యాగన్‌తో ఒప్పందం రాసుకుని దాని ఖజానా చేతిలోకి తీసుకోవచ్చనేది పథకం. కొనడానికి చేసిన అప్పు, కొన్నదాని డబ్బుతోనే తీరిపోతుంది. ఎంత పొదుపైన ఆలోచన! అయితే 1960 నాటి ఫోక్స్‌వ్యాగన్ చట్టం ప్రకారం అక్కడ 20 శాతం ఉన్నవాళ్లు అడ్డం పడొచ్చు. ఆ 20 శాతం ఉన్నది లోయర్ సాక్సనీకి. లోయర్ సాక్సనీ అడ్డం పడింది. యూరోపియన్ కోర్టు ఆ చట్టాన్ని తప్పుపట్టినా, జర్మనీ ప్రభుత్వం దాన్ని కాస్త సవరించి ఆ 20 శాతం ముక్కను మాత్రం భద్రంగా ఉంచింది.

ఇక అప్పు వెయ్యి కోట్ల యూరోల దరిదాపులకు వచ్చింది. బ్యాంకులు ముఖం చాటేశాయి. 2009 మార్చిలో పోర్షె 70 కోట్ల యూరోలు చేబదులు తీసుకుంది. ఎవరి దగ్గర? ఫోక్స్‌వ్యాగన్ దగ్గరే. ఎవరిని కొంటున్నారో వాళ్లనే అప్పడగడానికి మామూలు గుండె చాలదు. తర్వాత ప్రభుత్వ బ్యాంకు కేఎఫ్‌డబ్ల్యూను 175 కోట్లు అడిగితే, స్పోర్ట్స్ కార్ల వారి కష్టాలు అర్థం చేసుకునే హృదయం దానికి లేకపోయింది.

2009 జులై 23న వీడెకింగ్ తప్పుకున్నాడు. ఐదు కోట్ల యూరోల పరిహారం ఇచ్చి పంపారు, అందులో సగం దానధర్మాలకు ఇస్తానన్నాడు. జుఫెన్‌హౌసెన్‌లో వానలో నిలబడి కార్మికులతో మాట్లాడుతూ వోల్ఫ్‌గాంగ్ పోర్షె కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. కార్మికులకు ఆయన బాధ సహజంగానే అర్థమైంది. ఆయన కంపెనీని, ఆయన కుటుంబానికి పెద్ద వాటా ఉన్న కంపెనీ, ఆయన బావ పర్యవేక్షణలో కొనబోతోంది. ఖతార్ ప్రభుత్వ నిధి మధ్యలో కొంత డబ్బు పోసి ఆదుకుంది. 2013లో పోర్షె ఎస్ఈలో తమ వాటాను ఆ కుటుంబాలకే తిరిగి అమ్మేసి వెళ్లిపోయింది. చుట్టం మర్యాద తెలిసినవాళ్లు.

2009 డిసెంబరులో ఫోక్స్‌వ్యాగన్ 390 కోట్ల యూరోలకు కార్ల కంపెనీలో 49.9 శాతం కొంది. మిగిలిన 50.1 శాతం 2012 ఆగస్టు 1న చేతులు మారింది. ధర: 446 కోట్ల యూరోలు, ప్లస్ ఒక ఫోక్స్‌వ్యాగన్ షేరు.

ఆ షేరు దగ్గర కాసేపు ఆగుదాం. ఒక్కటంటే ఒక్కటే షేరు, అప్పటి మార్కెట్ ధర 150 యూరోలు కూడా లేదు. దాన్నెందుకు కలిపారు? డబ్బు మాత్రమే ఇస్తే అది అమ్మకం, పన్ను పడుతుంది. డబ్బుతోపాటు షేరు కూడా ఇస్తే జర్మన్ పన్ను చట్టం దృష్టిలో అది పునర్వ్యవస్థీకరణ, పన్ను పడదు. ఆదా అయింది వంద కోట్ల యూరోల పైమాటేనని అప్పట్లో పత్రికలు లెక్కగట్టాయి. మన దగ్గర స్టాంపు డ్యూటీ తగ్గుతుందని కొడుక్కి పొలం గిఫ్ట్ డీడ్ రాసి, రిజిస్ట్రార్ ఆఫీసు బయట గర్వంగా సోడా తాగే పెద్దమనిషి ఈ సంగతి వింటే సోడా పక్కన పెట్టి దండం పెడతాడు. ఆ షేరును అద్దాల పెట్టెలో పెట్టి పోర్షె మ్యూజియంలో ఉంచాలని నా విన్నపం. అక్కడున్న ఏ రేసు కారూ గంటకు ఇంత సంపాదించి ఉండదు.

పదేళ్లు గడిచాయి. కుటుంబాలకు ఇంటి కంపెనీ మీద బెంగ పుట్టింది. 2022 సెప్టెంబరు 29న పోర్షె ఏజీని ఫ్రాంక్‌ఫర్ట్ మార్కెట్లో లిస్ట్ చేశారు. మొత్తం షేర్లు 91 కోట్ల 10 లక్షలు, మిలియన్లలో చెబితే 911. కారు పేరు మీద వాటా మూలధనం! సగం షేర్లకు ఓటుంది, సగానికి లేదు. జనానికి అమ్మినవి ఓటు లేని వాటిలో పావు వంతు, ఒక్కోటి 82.50 యూరోలు. ఓటున్న వాటిలో పావు వంతు, ప్లస్ ఒక షేరు, దాదాపు వెయ్యి కోట్ల యూరోలకు పోర్షె ఎస్ఈ కొంది. (మళ్లీ ఒక షేరు! వీళ్లకు అది అచ్చొచ్చింది.) పావు వంతుకు ఒకటి ఎక్కువుంటే ముఖ్య నిర్ణయాలను అడ్డుకోవచ్చు. ఫోక్స్‌వ్యాగన్‌లో మెజారిటీ ఓట్లు తమవే అయినా, ఫోక్స్‌వ్యాగన్ ఎప్పుడైనా పోర్షెకు ద్రోహం చేస్తే తమ మీద తామే వీటో వేసుకునే ఏర్పాటు ఇది. వచ్చిన డబ్బులో దాదాపు సగాన్ని ఫోక్స్‌వ్యాగన్ ప్రత్యేక డివిడెండుగా పంచింది. అందులో అతి పెద్ద వాటా ఎవరికి వెళ్లిందో చెప్పమని పాఠకులను అవమానించను.

మనుషుల విషయంలోనూ ఇదే పొదుపు. అదే నెలలో ఓలివర్ బ్లూమె ఫోక్స్‌వ్యాగన్ సీఈవో అయ్యాడు, పోర్షె సీఈవో కుర్చీ కూడా వదల్లేదు. హాన్స్ డీటర్ పోచ్ ఫోక్స్‌వ్యాగన్ పర్యవేక్షక బోర్డుకు చైర్మన్, పోర్షె ఎస్ఈకి సీఈవో. కొనేవాళ్లకూ అమ్మేవాళ్లకూ మధ్య భేదాభిప్రాయం వస్తే అద్దం ముందు నిలబడి పరిష్కరించుకోవచ్చు. గిట్టనివాళ్లు మూడేళ్లపాటు గోల చేశాక, 2026 జనవరి నుంచి పోర్షెకు మిఖాయెల్ లైటర్స్ అనే వేరే మనిషిని పెట్టారు. ఖర్చు పెరిగింది.

ఈలోగా చైనాలో అమ్మకాలు పడిపోయాయి, ఎలక్ట్రిక్ కార్ల ప్రణాళికలు తలకిందులయ్యాయి, 2025 సెప్టెంబరులో పోర్షె షేరును జర్మనీ పెద్ద కంపెనీల డాక్స్ సూచీ నుంచి తీసేశారు. 82.50కి కొన్న షేరు అప్పటికి 50 లోపుంది. అయినా మదుపరులు దిగులు పడక్కర్లేదు. ఓటు లేకపోయినా వార్షిక సమావేశానికి హాజరయ్యే హక్కుంది, ప్రశ్నలడిగే హక్కుంది. ఓటింగు మొదలైనప్పుడు వెళ్లి కాఫీ తాగి రావచ్చు. ఓటున్న షేర్లన్నీ ఫోక్స్‌వ్యాగన్, పోర్షె ఎస్ఈల దగ్గరే ఉన్నాయి కాబట్టి ఫలితం గురించి టెన్షన్ ఉండదు.