ఢెంసాని స్టేజీ ఎక్కించకండి బాబూ

ఢెంసా అంటే ఇక్కడి ఆదివాసీలు గుంపుగా ఆడే ఆట. దాని గురించే కొంచెం కోపంగా రాస్తున్నాను. పొడవు కూడా ఎక్కువే. ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

మేముండేది ఒడిశాలో, కొరాపుట్ జిల్లా సిమిలిగుడలో. మొన్న అమ్మ, నేను, మా ఆవిడ, పిల్లలిద్దరూ, అందరం కలిసి ఒక జానపద ఉత్సవానికి వెళ్లాం. ఏ ఊళ్లో, ఎవరు పెట్టింది అన్నది రాయను. ఈ చుట్టుపక్కల నేను చూసిన ఉత్సవాలన్నిటిదీ ఇదే తంతు, ఒకరి పేరు రాసి మిగతావాళ్లని వదిలేయడం ఎందుకు?

నిజం చెప్పాలంటే మేము బయల్దేరింది కూడా రాత్రికి వచ్చే సినిమా సింగర్ కోసమే. మా పాపకి ఆ పిచ్చి. మధ్యాహ్నమే వెళ్తే ముందు కుర్చీలు దొరుకుతాయని నా లెక్క. ముందు సోఫాలు, వాటి వెనక పాసుల వాళ్ల కుర్చీలు, ఆ వెనక వెదురు కంచె, కంచె అవతల మనం! సరే, స్టాళ్లు తిరిగాం. కోట్‌పాడ్ నేత చీరలు చూసి మా ఆవిడ ఒక అరగంట కదల్లేదు. ఆల్ చెట్టు వేరుతో అద్దే ఆ ముదురు ఎరుపు ఫోన్ ఫొటోలో ఎప్పుడూ సరిగ్గా పడదు. పిల్లలకి మండియా జావ, అంటే రాగి జావ ఇప్పించాను. మన చోడంబలే. మావాడు ఒక గుక్క తాగి గ్లాసు నా చేతిలో పెట్టాడు.

మూడింటికి ఢెంసా అన్నారు. అరకు వెళ్లినవాళ్లు చూసే ఉంటారు, అక్కడ థింసా అంటారు. 1936లో ఒడిశా వేరు రాష్ట్రం అయ్యేదాకా ఈ కొరాపుట్ కూడా మద్రాసు వాళ్ల విశాఖ ఏజెన్సీలోదే. గీత తర్వాత గీశారు, ఆట మాత్రం అటూ ఇటూ ఆడుతూనే ఉంది. ఆడవాళ్లు ఒకరి నడుం వెనక నుంచి ఒకరు చేతులు పట్టుకుని గొలుసులా నిలబడతారు. కొసన ఉన్న పిల్ల చేతిలో నెమలీకల కట్ట. డోలు, తమక్ అనే డప్పు, సన్నాయి లాంటి మొహురి మోగుతుంటే ఆ గొలుసు పాములా మెలికలు తిరిగి గుండ్రంగా మారుతుంది. వాయించేవాళ్లు మధ్యలో ఉంటారు. చూసేవాళ్లు చుట్టూ ఉంటారు, బుద్ధి పుడితే తోక పట్టుకుని కలుస్తారు. ఇక దానికి ముందేది, వెనకేది?

అలాంటిదాన్ని స్టేజీ ఎక్కించారు. వెనక పెద్ద ఫ్లెక్సీ, మీద రంగు లైట్లు, కింద నుంచి పొగ. స్టేజీ లోతు చాలక గొలుసు గుండ్రంగా తిరగలేకపోయింది. పద్నాలుగు మంది అమ్మాయిలు జనం వైపు తిరిగి, అసెంబ్లీలో స్కూలు పిల్లల్లా వరసగా నిలబడి, రెండడుగులు ముందుకి, రెండు వెనక్కి. వాయిద్యాలని ఒక మూలకి నెట్టారు. మైకు డోలుకొక్కటే పెట్టారు, మొహురి ఎవరికీ వినపడలేదు.

అమ్మ చూసి చూసి అంది: "ఏటిరా ఇది, గానుగెద్దుని గోడకి కట్టీసినట్టుంది."

మొత్తం ఎనిమిది నిమిషాలు. టైము లేదని యాంకర్ ఆపేశాడు. తర్వాత శాలువాలు, బొకేలు, మెమెంటోలు, ప్రసంగాలు నలభై అయిదు నిమిషాలు. వాటికి టైముంది! ఆడింది ఏ తెగవాళ్లో, గదబలా, పరజాలా, కోందులా అని కూడా చెప్పలేదు. "ఆదివాసీ నృత్యం" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. కోందులు మాట్లాడే కువి భాష మన తెలుగుకి దగ్గర చుట్టం. ఆ సంగతి వాళ్ల పక్కనే పుట్టి పెరిగిన నాకే నలభై ఏళ్లు వచ్చాక తెలిసింది, యాంకర్‌ని అని ఏం లాభం?

అమ్మ గురించి చెప్పాలి. పాతికేళ్లు కుండులి శుక్రవారం సంతలో గాజులు అమ్మింది. ఇక్కడి ఊళ్లలో మాట్లాడే ఒడియా యాస, దేశియా, గడగడా మాట్లాడుతుంది. చైత్ పరబ్‌కి, అంటే చైత్రమాసం పండక్కి, ఊళ్లలో రాత్రంతా ఢెంసా ఆడటం, ఆ పండగ అయ్యేదాకా కొత్త మామిడికాయ కొరక్కపోవడం, అన్నీ ఆవిడ కళ్లారా చూసింది. పాటలు చాలావరకు అప్పటికప్పుడు కట్టేవే. ఒక వైపు నుంచి ఎకసెక్కెం, అవతల నుంచి దానికి జవాబు. ఎదురుగా ఉన్నవాళ్లని చూసి కదా కట్టాలి! మొహంలో లైటు పడుతుంటే కంచె అవతల ఉన్నవాళ్లని ఎవరు వేళాకోళం చేస్తారు?

నాలుగున్నరకి మావాడిని బాత్‌రూముకని స్టేజీ వెనక్కి తీసుకెళ్లాను. అమ్మా పాపా కూడా వచ్చారు. నీళ్ల ట్యాంకరు పక్కన ఆ జట్టు భోజనం కూపన్ల కోసం కూర్చుని ఉంది. అమ్మ వెళ్లి ఏ ఊరని అడిగింది. ఒక ముసలావిడ అమ్మని ఎగాదిగా చూసి, కుండులి గాజులామెవి కదూ అంది. అంతే, ఇద్దరూ మోకాళ్ల నొప్పుల నుంచి మొదలెట్టారు.

మొహురి పెద్దాయన ఊరికే ఊదాడు. ఎవరో డోలు అందుకున్నారు. అమ్మాయిలు లేచారు. ఈసారి గుండ్రంగానే. ముసలావిడ కూర్చునే పాటలో ఒక పాదం అందుకుంది, అందరూ గొల్లుమన్నారు. నాకు సగమే అర్థమైంది. గాజులామె ముసలిదైపోయింది, ఇక మా చేతులెవరు నొక్కుతారు, డబ్బులెవరు ఎక్కువ లాగుతారు అని. అమ్మ పమిట నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వింది. పాప ఎప్పుడు వెళ్లిందో వెళ్లి గొలుసు తోక పట్టుకుంది. అడుగు తప్పినప్పుడల్లా పక్కమ్మాయి నడుంతోనే దాన్ని సర్దుతోంది.

సినిమా పాట మీద నాకు కోపం లేదు. రాత్రి ఆ సింగర్ పాడుతుంటే అదే అమ్మాయిలు కంచె దగ్గర నిలబడి ఫోన్లలో వీడియో తీసుకున్నారు, నేనూ తీశాను. ఆయనకి స్టేజీ కావాలి, ఇవ్వండి. వీళ్లకి కావాల్సింది మాత్రం నేల. మైదానం మధ్యలో నాలుగు సెంట్ల జాగా ఊడ్చి, చుట్టూ చాపలు వేసి, ఒక గంట వదిలేస్తే చాలు. దానికి టెండరు అక్కర్లేదు, పొగ మిషను అక్కర్లేదు. బహుశా అందుకే ఎవరూ చేయడం లేదేమో.

ట్యాంకరు దగ్గర ఆట పది నిమిషాలైనా సాగలేదు. మెడలో ఐడీ కార్డు వేసుకున్న కుర్రాడొకడు పరుగెత్తుకొచ్చి, "స్టేజీ మీద సౌండ్ చెక్ జరుగుతోంది, డిస్టర్బ్ అవుతోంది, ఆపండి" అన్నాడు. డోలు ఆగింది. ముసలావిడ అమ్మ చేతి గాజులు ఒకసారి తిప్పి చూసి, కూపన్ల లైన్లోకి వెళ్లిపోయింది.