డబుల్ డిలైట్‌ను తక్షణం నిషేధించాలి

దేశంలో ఇన్ని సమస్యలుండగా గులాబీ మొక్క మీద వ్యాసమేమిటని కొందరు అడగవచ్చు. ఆ అడిగేవాళ్ల ఇంట్లో మిద్దె తోట లేదన్నమాట. ఉన్నవాళ్లకు విషయం ఎంత తీవ్రమైనదో చెప్పనక్కర్లేదు.

నిందితురాలి పేరు డబుల్ డిలైట్. మీగడ రంగు రేకులు, అంచున ఎరుపు. పుట్టిల్లు అమెరికా. హెర్బర్ట్ స్విమ్, ఆర్నాల్డ్ ఎల్లిస్ అనే ఇద్దరు సంకరం చేస్తే, కాలిఫోర్నియాలోని ఆర్మ్‌స్ట్రాంగ్ నర్సరీస్ 1977లో అమ్మకానికి పెట్టింది. తల్లి గ్రనాడా, తండ్రి గార్డెన్ పార్టీ, ఇద్దరూ గులాబీలే. తండ్రి వైపు తాత ఎవరనుకున్నారు? సాక్షాత్తూ పీస్! 1945లో బెర్లిన్ పతనమవుతుంటే శాంతి పేరు పెట్టించుకున్న గులాబీ. ఇంత గొప్ప వంశమని మురిసిపోయారు గానీ, తల్లి వైపు బూడిద తెగులు ఉందా అని ఒక్కరూ వాకబు చేసిన పాపాన పోలేదు. ఉంది. వాసనతో పాటు అది కూడా కట్నంగా వచ్చింది.

తెగులు సంగతి తర్వాత. మొదటి నేరం రంగు. పువ్వన్నాక ఒక రంగు మీద నిలబడాలి. మిస్టర్ లింకన్ అనే గులాబీని చూడండి, ఎరుపంటే ఎరుపు, మొగ్గ నుంచి రాలేదాకా అదే మాట. ఈమె అలా కాదు. మొగ్గ విచ్చేటప్పుడు దాదాపు తెలుపు, అంచున మాత్రం కాస్త ఎరుపు. ఎండ తగిలేకొద్దీ ఆ ఎరుపు లోపలికి పాకుతుంది. రాలిపోయే ముందు చూస్తే తెలుపు కోసం వెతుక్కోవాలి. పొద్దున ఫొటో తీసి బంధువుల గ్రూపులో పెడితే, సాయంత్రం ఇంటికొచ్చిన పెద్దమ్మ ‘ఇది ఆ పువ్వు కాదే’ అంటుంది. గులాబీలకు కూడా ఆధార్ పెట్టాల్సి వస్తే ఈమె ఫొటో ఏ పూటది అంటించాలో అధికారులే చెప్పాలి.

దీని వెనక ఉన్న అసలు కుట్రదారు సూర్యుడు. ఎరుపు తేలాలంటే ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగలాలి. వాటిని అడ్డుకునే గాజు ఇంట్లో పెంచితే పువ్వు పాలిపోయి, మీగడ రంగులోనే ఉండిపోతుంది. ఎండను బట్టి మొహం మార్చే పువ్వును ఏ లెక్కలో వేయాలి? అమెరికన్ రోజ్ సొసైటీ ‘రెడ్ బ్లెండ్’ (ఎరుపు కలగలుపు) అనే గదిలో పెట్టి చేతులు దులుపుకుంది. రేకు లోపలి వైపు ఒక రంగు, వెనక వైపు ఇంకో రంగు ఉంటేనే అసలైన రెండు రంగుల గులాబీ అని పట్టుబట్టే పండితులు వేరే ఉన్నారు. వాళ్లను పువ్వు దగ్గరికి తీసుకెళితే మాత్రం రేకు తిప్పి చూడరు, ముక్కు పెట్టి చూస్తారు.

ఇక బూడిద తెగులు. చల్లటి, తేమగా ఉన్న రోజుల్లో ఆకులు, లేత చిగుళ్లు, మొగ్గ కాడలు తెల్లగా పిండి చల్లినట్టవుతాయి. వానాకాలంలో నల్లమచ్చ తెగులు తోడు. అప్పుడు తోటవాళ్లందరూ ముక్తకంఠంతో ‘దీని మొహం చూడం’ అంటారు. అంటూనే వేపనూనె కలుపుతారు, గంధకం పొడి వెతుకుతారు. ఇంట్లో ఎవరికైనా జలుబు చేస్తే అంత హడావుడి ఉండదు.

ఈ రెండు నాలుకల ధోరణి మన దగ్గరే కాదు, ప్రపంచమంతా ఉంది. 1977లోనే అమెరికాలో ఆల్ అమెరికా రోజ్ సెలెక్షన్స్ పురస్కారం. 1985లో ప్రపంచ గులాబీ సంఘాల సమాఖ్య వారి హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు. 1986లో సువాసనకు గ్యాంబుల్ పురస్కారం. ఇన్నిచ్చిన వాళ్లే ‘కాస్త బూడిద తెగులు ఉంటుందండీ’ అని నెమ్మదిగా చెవిలో వేస్తారు. బహుమతి ఇచ్చేటప్పుడు ఆకులకేసి చూడకపోవడం తీర్పరుల సంప్రదాయం కాబోలు.

మన దగ్గర నేరం ఇంకో మలుపు తిరిగింది. అంటు మొక్క తెస్తాం. కొన్నాళ్లకు అంటు కింద నుంచి ఒక బలమైన కొమ్మ దూసుకొస్తుంది. ‘అబ్బ, ఎంత ఏపుగా ఉందో’ అని ఇంటిల్లిపాదీ పొంగిపోయి, దానికే వర్మీకంపోస్టు పోస్తాం. అది డబుల్ డిలైట్‌ది కాదు, అంటు కట్టడానికి కింద వాడిన వేరు మొక్క కొమ్మ. పైనున్న అమెరికా అమ్మాయి తిండి లేక ఎండిపోతుంది. కిందది ఏదో లేత గులాబీ రంగు చిన్న పువ్వు పూస్తుంది. దాన్ని చూసి ‘నర్సరీవాడు మోసం చేశాడు’ అంటాం. ఆ కొమ్మను పుట్టిన చోటి నుంచే తీసేయాలని నర్సరీవాడు చెప్పే ఉంటాడు. కానీ ఆ సమయానికి మనం బేరమాడుతున్నాం.

కాబట్టి ప్రభుత్వానికి నా సూచనలు ఇవీ. డబుల్ డిలైట్‌ను నిషేధిస్తూ జీవో ఇవ్వాలి. కడియం నర్సరీల గేటు దగ్గర తనిఖీ పెట్టాలి. తనిఖీకి జలుబున్న సిబ్బందిని వేస్తే మేలు. మిగతావాళ్లు ఒకసారి వాసన చూశాక విధులు నిర్వహించే స్థితిలో ఉండరు. ‘దీనంత పెంకి మొక్క లేదు’ అని ఈ ఏడాదిలో ఒక్కసారైనా అన్నవాళ్లు కుండీతో సహా తమ మొక్కను స్వచ్ఛందంగా అప్పగించాలి.

అప్పగింత గడువు మాత్రం మే నెలలో పెట్టాలి. అప్పుడైతే ఎండకు పువ్వు చిన్నబోయి, అంచులు మాడి ఉంటాయి, నలుగురైనా తెస్తారు. జనవరిలో పెడితే వసూలు కేంద్రంలో బల్ల, కుర్చీ, గుమాస్తా తప్ప ఇంకేమీ ఉండవు.