తిరుపతిలో ఓపిక లేనివాడెవడు?

సర్వదర్శనం కంపార్ట్‌మెంటులో కూర్చున్నవాళ్ళను చూడండి. ఆరు గంటలు, ఎనిమిది గంటలు, రద్దీ రోజుల్లో అంతకు రెట్టింపు. ఫోన్ ముందే డిపాజిట్ చేసేసి ఉంటారు. చంటిదాన్ని సముదాయిస్తూ, పక్కన కూర్చున్న ఊరూ పేరూ తెలియనివాళ్ళతో కూతురి పెళ్ళి సంబంధాల సంగతులు మాట్లాడుతూ, తలుపు తీసేదాకా ఎదురు చూస్తారు. తీసిన క్షణంలో ఎలా లేస్తారో కూడా చూడండి. ఇలాంటి ఊళ్ళో ఉంటూ సాహిత్య సభల్లో 'ఈ కాలం పాఠకుడికి ఓపిక లేదు' అనే మాట వింటే నాకు నవ్వొస్తుంది.

మా చెల్లెలి కొడుకు ఇంజనీరింగ్ మూడో ఏడు. మొన్న వచ్చి అడిగాడు: "మామా, పట్టుకుంటే వదలని థ్రిల్లర్ ఒకటి చెప్పు. ముప్ఫై పేజీలు పోయినా ఏమీ జరక్కపోతే మాత్రం నా వల్ల కాదు." వాళ్ళమ్మ వెంటనే అందుకుంది, వీడికి దేనికీ ఓపిక లేదన్నా అని. నేను మాత్రం వాడి పక్షమే. ముప్ఫై పేజీలంటే తక్కువా? అంతసేపూ ఏమీ జరగని పుస్తకాన్ని మోయడం ఓపిక అనిపించుకోదు, మొహమాటం అనిపించుకుంటుంది.

నా చిన్నప్పుడు చిత్తూరులో మా వీధి చివర అద్దె పుస్తకాల అంగడి ఉండేది. రోజుకి పావలా. లోపలి అట్టకు అంటించిన కాగితం మీద తేదీలు వేసేవాడు. రోజు దాటితే ఇంకో పావలా. ఆ పావలా భయానికే మా తరం ఒక్క రాత్రిలో నవల పూర్తి చేయడం నేర్చుకుంది. పొద్దున్నే తిరిగి తీసుకుపోతే "ఏం నైనా, అప్పుడే అయిపోయిందా?" అని అంగడాయన కళ్ళెగరేసేవాడు. ఇప్పటి పిల్లల్లో తప్పు పడుతున్న తొందర అప్పుడు మాకు నిండా ఉంది. దాన్ని ఎవరూ జబ్బు అనలేదు, అంతే.

ఆ అంగట్లో తెచ్చిన ఒక డిటెక్టివ్ యుగంధర్ నవల పదో పేజీలో, ఒక పాత్ర పేరు కింద పెన్సిల్‌తో గీత గీసి 'వీడే' అని రాసి పెట్టాడు ఎవడో పుణ్యాత్ముడు. కోపంతో పుస్తకం విసిరేశాను. పది నిమిషాలకు మళ్ళీ తీశాను. హంతకుడెవడో తెలిసినా తెల్లవారుజామున మూడింటిదాకా చదివాను. అలా ఎందుకు చదివానో చాలా ఏళ్ళ తర్వాత గానీ అర్థం కాలేదు.

'ద డే ఆఫ్ ద జాకాల్' చదివాక అర్థమైంది. ఫ్రెడరిక్ ఫోర్సిత్ 1971లో అచ్చు వేయించిన నవల అది. ఫ్రాన్స్ అధ్యక్షుడు డీగాల్‌ను చంపడానికి కిరాయి హంతకుడు బయల్దేరతాడు. డీగాల్ 1970లో తన ఇంట్లోనే, సహజంగానే పోయాడు. అంటే పుస్తకం చేతిలోకి తీసుకున్న ప్రతివాడికీ తెలుసు, హంతకుడి పని జరగదని. అయినా దొంగ పాస్‌పోర్టు ఎలా సంపాదించాడు, తుపాకీ ఎలా చేయించాడు, పోలీసు ఏ దారిలో వాసన పట్టాడు అని పేజీ తర్వాత పేజీ తిప్పుతూనే ఉంటాం. వేగం పుట్టేది ఇక్కడ. చివర ఏమవుతుంది అన్న ప్రశ్న ఒక్కటే అయితే అది ఒక్కసారే పనికొస్తుంది. ఈ మెట్టు ఎలా ఎక్కుతాడు, ఇప్పుడెలా తప్పించుకుంటాడు అన్నవి ప్రతి పేజీలోనూ పుడతాయి.

ఇది మన జిల్లావాళ్ళకు పారిస్ నుంచి వచ్చి ఎవరో చెప్పాల్సిన సంగతి కూడా కాదు. ఎండాకాలం వస్తే ద్రౌపదమ్మ గుళ్ళ దగ్గర భారతం పెడతారు. మధ్యాహ్నం హరికథ, రాత్రి వీధినాటకం, ఊరిని బట్టి 18 రోజులో ఇంకా ఎక్కువో. ఆఖరున బంకమట్టితో పడుకోబెట్టిన భారీ దుర్యోధనుడి చుట్టూ భీముడు గద తిప్పుకుంటూ తిరుగుతాడు. దుర్యోధనుడు చస్తాడని చంకలోని పిల్లకాయకు కూడా తెలుసు. అయినా మిద్దెల మీద, చెట్ల మీద, ట్రాక్టర్ ట్రాలీల మీద జనం. అర్జునుడి వేషగాడు తపస్సు మాను ఎక్కే రోజు నిలబడ్డానికి చోటుండదు. ఒక్కో మెట్టూ ఎక్కుతూ, ఆగి పద్యం అందుకుంటాడు. మనకు తెలిసిన కథే, తెలిసిన మానే, పద్యం కూడా సగం మందికి కంఠతా వచ్చు. కానీ ఆయన కాలు తర్వాతి మెట్టు మీద పడేదాకా కింద ఊపిరి బిగబట్టే ఉంటారు. మధ్యాహ్నం హరికథలో భాగవతారు కథను ఎక్కడ ఆపుతాడో కూడా గమనించండి. ద్రౌపదిని సభకు ఈడ్చుకొచ్చిన చోట ఆపి, ఒక పిట్టకథ ఎత్తుకుంటాడు. ఆ పిట్టకథ ఎంత చెప్పినా ఒక్కరూ లేవరు. లేస్తే అసలు ముడి పోతుందని వాళ్ళకు తెలుసు.

తెలుగు వారపత్రికలు కూడా ఈ కిటుకు మీదే బతికాయి. యండమూరి వీరేంద్రనాథ్ నవల తులసిదళం ఆంధ్రభూమిలో సీరియల్‌గా వచ్చే రోజుల్లో వారానికి కొన్ని పేజీలే, చివర 'సశేషం'. ఆ మాట దగ్గర పాఠకుడు పట్టు తప్పితే వచ్చేవారం పత్రిక కొనడు. అందుకని రచయితకు ప్రతి వారం పరీక్షే. మధుబాబు షాడో పుస్తకాలకు అద్దె అంగళ్ళలో పేరు రాయించుకుని వరసలో ఉండాల్సి వచ్చేదంటే ఈ తరం నమ్మదు. వారపత్రికలు ఒక్కొక్కటే మూతపడ్డాక ఆ పరీక్ష కూడా పోయింది. ఇప్పుడు నవల నేరుగా పుస్తకంగా వస్తోంది. మొదటి నలభై పేజీలు హీరో చిన్నతనం, అతని తాతగారి ఊరు, ఆ ఊరి చెరువు. రచయితకు అడ్డు చెప్పేవాడు లేడు.

థ్రిల్లర్లు అభిరుచిని పాడు చేస్తాయని, రీల్స్‌కి అలవాటుపడ్డ పిల్లలకు ఇంకా తొందర నేర్పుతాయని వాదించే పెద్దలున్నారు. వాళ్ళ బెంగ అర్థమవుతుంది. కానీ రీల్ ముప్ఫై సెకన్లలో అయిపోతుంది. రెండొందల పేజీల థ్రిల్లర్ చదివినవాడు నాలుగు గంటలు ఒకే చోట, ఒకే కథతో కూర్చున్నాడు. ఆ కుర్రాడికి తర్వాత పెద్ద నవల ఇవ్వడం తేలికా, ఏమీ చదవనివాడికి ఇవ్వడం తేలికా?

సరే, మా మేనల్లుడికి ఏం చెప్పాను? అంగట్లో నిలబడే ఐదు పేజీలు చదవమన్నాను. వెనక అట్ట మీద 'ఉత్కంఠభరితం, ఊపిరి సలపనివ్వదు' లాంటివి వదిలేయమన్నాను, అవి రాసేది అమ్మేవాళ్ళు. ఆ ఐదు పేజీల్లో ఎవరికి ఏం కావాలో, ఎప్పటిలోగా కావాలో, దొరక్కపోతే ఏం పోతుందో తెలిసిందా? తెలిస్తే బిల్లు వేయించు. తెలియలేదూ, వాతావరణ వర్ణన మాత్రమే తెలిసిందనుకో, పెట్టేయ్. ఇంగ్లీషు పుస్తకమైతే మాటకోసారి ఆగి అర్థం వెతుక్కోవాల్సి వస్తోందా అని చూసుకో. వస్తుంటే అదెంత గొప్ప థ్రిల్లరైనా నీకు ఎద్దుల బండే, తెలుగులో దొరికిందే చదువు. మొదటి పుస్తకంగా మాత్రం అగాథా క్రిస్టీ 1939లో రాసిన 'అండ్ దెన్ దేర్ వర్ నన్' చెప్పాను. ఒక దీవి, పదిమంది, బయటికి దారి లేదు. మనిషి తగ్గినకొద్దీ అనుమానించాల్సినవాళ్ళూ తగ్గుతారు, భయం మాత్రం పెరుగుతుంది. ఇంతకంటే సులువైన లెక్క ఎవడూ కట్టలేదు.

వాడు శ్రద్ధగా విని, అసలు ప్రశ్న వేశాడు. "ఎక్కడ దొరుకుతుంది మామా? నచ్చుతుందో లేదో తెలియకుండా నాలుగొందలు పెట్టి కొనమంటావా?"

ఇక్కడే నాకు మండుతుంది. ఎందుకంటే ఆ డబ్బు మనం ఇప్పటికే కట్టేశాం. ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం 1960లో వచ్చింది. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. థ్రిల్లర్ చదివేవాడూ కడుతున్నాడు, ఏమీ చదవనివాడూ కడుతున్నాడు. 1931లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి ఎస్.ఆర్. రంగనాథన్ గ్రంథాలయ శాస్త్రానికి ఐదు సూత్రాలు రాశారు. అప్పుడు మన చిత్తూరు కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. వాటిలో నాలుగోది: పాఠకుడి సమయాన్ని ఆదా చెయ్యి. అంటే తొందరలో ఉన్న పాఠకుడి హక్కును తొంభై ఏళ్ళ కిందటే ఒక పెద్దాయన సూత్రంగా రాసి ఇచ్చారు. పుస్తకం వాడి చేతికి అందించడం, నచ్చకపోతే పైసా నష్టం లేకుండా మార్చుకోనివ్వడం గ్రంథాలయం పని.

వాణ్ణి వెంటబెట్టుకుని ఒక శాఖా గ్రంథాలయానికి వెళ్ళాను. ఏ ఊరిదో చెప్పను, పాపం అక్కడున్నాయన మంచివాడు. హాలు నిండా కుర్రవాళ్ళు, గ్రూప్స్‌కో డీఎస్సీకో కానిస్టేబుల్ పరీక్షకో చదువుతున్నారు. వాళ్ళ మీద నాకు ఫిర్యాదేమీ లేదు, ఇంట్లో జాగా లేనివాళ్ళకు అదే చదువుల గది. నవలల అల్మారాకు మాత్రం తాళం ఉంది. తీయించి చూస్తే అట్టలు ఊడిన పాత డిటెక్టివ్‌లు ఓ పదిహేను. పైన ఉన్నదాని లోపలి అట్ట మీద ఆఖరి తేదీ ముద్ర 2009లో పడింది. కొత్త థ్రిల్లర్లు ఎందుకు తెప్పించరని అడిగాను.

"ఎవరూ అడగరు సార్," అన్నాడాయన.

"తాళం వేసుంటే ఏముందో తెలిసేదెట్లా, అడిగేదెట్లా?" అన్నాడు మావాడు.

ఆయన నవ్వి, సూచనల పుస్తకం దుమ్ము దులిపి ముందు పెట్టాడు. మావాడు ఐదు పేర్లు రాశాడు, మొదటిది క్రిస్టీది. కింద నేను సంతకం చేసి, పక్కన మా ఇంటి పన్ను అసెస్‌మెంట్ నంబరు కూడా వేశాను.