నేరం నూనె గరిటెదేనా?

రొమ్ములోని గడ్డ క్యాన్సరేనని తేలిన రోజు నుంచి ఆ ఇంట్లో ఒకటే ఆరా మొదలవుతుంది. నూనె ఎక్కువ వాడేదా, వేయించినవి బాగా తినేదా అని చూడవచ్చినవాళ్లు అడుగుతారు. ఫోన్ చేసిన బంధువులూ అదే అడుగుతారు. చివరికి మందుల చీటీ చేత్తో పట్టుకుని ఆమే డాక్టర్ని అడుగుతుంది: "నేను తిన్నదాని వల్లే వచ్చిందా?" జబ్బు చాలదన్నట్టు తప్పు తనదేనన్న బాధ కూడా ఆమె మోయాలి. 2022లో ప్రపంచం మొత్తం మీద సుమారు 23 లక్షల మంది మహిళలకు రొమ్ము క్యాన్సర్ బయటపడింది. 6 లక్షల 70 వేల మంది ప్రాణాలు పోయాయి. ఇంతమంది అడిగే ప్రశ్నకు ఎనభై ఏళ్లుగా పరిశోధన జరుగుతోంది. అందులో తేలినదానికీ, మన ఫోన్లలో తిరిగే మాటలకూ పొంతన చాలా తక్కువ.

అనుమానం ఊరికే పుట్టలేదు. కొవ్వు ఎక్కువున్న మేత పెట్టిన ఎలుకల్లో రొమ్ము కణితులు ఎక్కువగా వస్తున్నాయని 1942లో పరిశోధకుడు ఆల్బర్ట్ టానెన్‌బామ్ చూపించారు. మేత మొత్తాన్నే తగ్గిస్తే కణితులు తగ్గుతాయని కూడా ఆయనే చూపించారు. ఈ రెండో మాట ఎవరికీ గుర్తులేకుండా పోయింది. 1975లో కెనత్ కారల్ అనే పరిశోధకుడు తలసరి కొవ్వుకూ రొమ్ము క్యాన్సర్ మరణాలకూ దేశాలవారీగా ఒక గ్రాఫు గీశారు. తలసరి కొవ్వు తక్కువున్న థాయిలాండ్, జపాన్ కింద మూలన ఉన్నాయి. కొవ్వు ఎక్కువున్న డెన్మార్క్, నెదర్లాండ్స్ పైన ఉన్నాయి. మధ్యలోని దేశాలన్నీ మెట్లెక్కినట్టు వరుసగా పైకి పోతాయి. చూస్తే ఎవరికైనా నమ్మకం కలిగే బొమ్మే అది. జపాన్ నుంచి అమెరికా వెళ్లి స్థిరపడిన కుటుంబాల్లో తరం మారేకొద్దీ ఈ క్యాన్సర్ పెరగడం ఆ నమ్మకాన్ని ఇంకా గట్టిపరిచింది.

కానీ ఆ గ్రాఫులోని కొవ్వు ఎవరి కడుపులోకి వెళ్లిందో కొలిచి తేల్చినది కాదు. దేశంలో అందుబాటులోకి వచ్చిన కొవ్వును జనాభాతో భాగించగా వచ్చిన లెక్క. మూకుట్లో మిగిలి పారబోసిన నూనె కూడా అందులో ఉంటుంది. పైగా డబ్బున్న దేశాల్లో కొవ్వు ఒక్కటే ఎక్కువ కాదు. అక్కడ ఆడపిల్లలు తొందరగా పెద్దమనిషి అవుతారు, కాన్పులు ఆలస్యం, పిల్లలు తక్కువ, పాలివ్వడం తక్కువ, మద్యం ఎక్కువ, ఒంటి బరువూ ఎక్కువ. వీటిలో ప్రతి ఒక్కటీ, ఎంతో కొంత, రొమ్ము క్యాన్సర్ లెక్కను మార్చేదే.

అందుకే తర్వాతి పరిశోధకులు దేశాలను వదిలి మనుషుల వెంట పడ్డారు. 1980లో అమెరికాలో వేలాది నర్సుల చేతికి 61 పదార్థాల పేర్లున్న కాగితం వెళ్లింది. గత ఏడాదిలో సగటున దీన్ని ఎన్నిసార్లు తిన్నారు, ఒక్కో పదార్థానికీ టిక్కు పెట్టండి అని. నాలుగేళ్ల తర్వాత 89,538 మంది వివరాలు చూస్తే, కొవ్వు ఎక్కువ తిన్నవాళ్లకూ తక్కువ తిన్నవాళ్లకూ ఈ జబ్బు విషయంలో తేడా కనబడలేదు. 1987లో ఈ ఫలితం అచ్చయినప్పుడు పెద్ద దుమారమే రేగింది. 1996లో ఏడు అధ్యయనాలను కలిపి, 3,37,819 మంది మహిళలతో మళ్లీ లెక్క వేశారు. అప్పుడూ అదే జవాబు. నిన్న రాత్రి ఏం తిన్నామో చెప్పడానికే తడుముకుంటామే, ఏడాది తిండిని టిక్కులతో ఎలా నమ్మేది అని విమర్శకులు అడిగారు. న్యాయమైన ప్రశ్నే.

ఆ ప్రశ్నకు జవాబుగా వచ్చిందే విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ ట్రయల్. 50 నుంచి 79 ఏళ్ల మధ్య వయసున్న, నెలసరి ఆగిపోయిన 48,835 మందిని లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేశారు. ఒక గుంపును ఉన్న తిండి మీదే వదిలేశారు. రెండో గుంపుకు మొదటి ఏడాదిలోనే 18 సార్లు క్లాసులు పెట్టి, కొవ్వును గ్రాముల్లో లెక్కపెట్టడం నేర్పారు. శరీరానికి అందే శక్తిలో కొవ్వు వాటా 20 శాతానికి దిగాలన్నది లక్ష్యం. 38 దగ్గర మొదలైన వాళ్లు ఏడాదిలో 24కి దిగారు, ఆరేళ్లకు తిరిగి 29కి ఎక్కారు. అన్ని క్లాసుల తర్వాత కూడా అంతే. డైటింగ్ చేసి చూసినవాళ్లెవరికీ ఇందులో ఆశ్చర్యం ఉండదు.

2006లో ఫలితం వచ్చింది. కొవ్వు తగ్గించిన గుంపులో రొమ్ము క్యాన్సర్ 9 శాతం తక్కువ. ఆ తేడా యాదృచ్ఛికం కాదని చెప్పడానికి లెక్కలు ఒప్పుకోలేదు. ఈ తేడాను మనుషుల లెక్కలో రాద్దాం. పదివేల మంది మహిళల్లో ఏడాదికి 45 మందికి రావాల్సిన చోట 42 మందికి వచ్చింది. 2020 నాటికి, దాదాపు ఇరవై ఏళ్ల వివరాలు చూశాక, రొమ్ము క్యాన్సర్‌తో చనిపోవడం ఆ గుంపులో 21 శాతం తక్కువని తేలింది. కొట్టిపారేసే సంగతి కాదు. అయితే వాళ్లు కొవ్వు ఒక్కటే మార్చలేదు. కూరగాయలు, పళ్లు, ధాన్యం పెంచారు, కాస్త బరువూ తగ్గారు. ఆ ఘనత ఎవరి ఖాతాలో వేయాలి?

బరువు సంగతి మరో చోట కూడా తగులుతుంది. అప్పటికే చికిత్స పొందిన మహిళలతో రెండు ట్రయల్స్ జరిగాయి. ఒకదాంట్లో కొవ్వు తగ్గించినవాళ్లు సగటున మూడు కిలోల దాకా తగ్గారు, క్యాన్సర్ తిరగబెట్టడమూ తగ్గింది. రెండోదాంట్లో కూరగాయలు బాగా పెంచారు, బరువు మాత్రం తగ్గలేదు, క్యాన్సర్ విషయంలోనూ తేడా రాలేదు. రెండు ట్రయల్స్‌తో రుజువైపోయిందని మేము అనం. చూపు ఎటు తిప్పాలో మాత్రం తెలుస్తోంది.

కంచంలోని కొవ్వు కంటే ఒంట్లో పేరుకున్న కొవ్వు గురించి తెలిసింది చాలా ఎక్కువ. నెలసరి ఆగాక అండాశయాలు ఈస్ట్రోజెన్ తయారీ దాదాపు ఆపేస్తాయి. ఆ పనిని కొవ్వు కణాలు అందుకుంటాయి. వాటిలోని అరోమటేజ్ అనే ఎంజైమ్ వేరే హార్మోన్లను ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది. కొవ్వు ఎంత ఉంటే ఈ తయారీ అంత. చాలా రొమ్ము క్యాన్సర్లు ఆ ఈస్ట్రోజెన్ మీదే పెరుగుతాయి. నెలసరి ఆగిన మహిళలకు డాక్టర్లు ఏళ్ల తరబడి రాసే లెట్రోజోల్, అనస్ట్రోజోల్ మాత్రలు చేసేది ఈ ఎంజైమ్‌కు అడ్డుపడటమే. లావెక్కితే ఇన్సులిన్ కూడా పెరుగుతుంది, అదీ కణాల పెరుగుదలను ఎగదోసేదే. గ్రాము కొవ్వులో 9 కేలరీలు, పిండిపదార్థంలో 4. కాబట్టి నూనె తప్పు అసలే లేదనలేం. కానీ అదే బరువు చక్కెరతో వచ్చినా ఎంజైమ్ తేడా చూపించదు.

ఇక ఏ నూనె మంచిదన్న గోల. వంటనూనెల్లో ఉండే ఒమేగా-6 కొవ్వులు ఎలుకల్లో కణితులను పెంచాయి, చేపనూనె తగ్గించింది. ఒమేగా-6 కొవ్వుల్లో ఒకటైన లినోలిక్ ఆమ్లం ఒక రకం రొమ్ము క్యాన్సర్ కణాలను ఎలా ప్రేరేపిస్తుందో 2025లో ప్రయోగశాలలో చూపించారు. ఆసక్తికరమైన పనే, కానీ మనుషుల మీద జరిగిన అధ్యయనాల్లో ఆ మేరకు ముప్పు కనబడలేదు. ఆలివ్ నూనెతో ముప్పు మూడో వంతుకు పడిపోయిందని 2015లో స్పెయిన్ నుంచి వచ్చిన ఫలితం ప్రపంచమంతా శీర్షికలకెక్కింది. ఆ అధ్యయనం మొత్తంలో క్యాన్సర్ వచ్చినవాళ్లు 35 మంది. అంత చిన్న పునాది మీద సీసాలు అమ్ముకునేవాళ్లు మేడ కట్టేశారు. మరోవైపు మద్యం రొమ్ము క్యాన్సర్ ముప్పును పెంచుతుందని నిస్సందేహంగా తేలింది, కొద్దిగా తాగినా సరే. దాని గురించి ఇందులో పదో వంతు చర్చ కూడా వినబడదు.

మాకు ఇంకో అనుమానం ఉంది. ఈ ట్రయల్స్ అన్నీ ఆలస్యంగా మొదలయ్యాయేమో. హిరోషిమా, నాగసాకి బాంబుల రేడియేషన్‌కు చిన్నతనంలో, ఎదిగే వయసులో గురైన ఆడపిల్లలకే తర్వాతి కాలంలో రొమ్ము క్యాన్సర్ ముప్పు ఎక్కువగా పెరిగింది. రొమ్ము కణజాలం ఏర్పడే ఆ ఏళ్లు అంత సున్నితమైనవి. యాభై దాటినవాళ్ల కంచం మార్చి పదిహేనేళ్ల వయసు తిండి గురించి తీర్పు చెప్పలేం. అలాంటి పరిశోధనకు నలభై ఏళ్లు పడుతుంది, ఏ ప్రభుత్వ బడ్జెట్టూ అంత దూరం చూడదు. అయినా ఎవరో ఒకరు మొదలుపెట్టక తప్పదు.

ఈలోగా చేయగలిగినవి ఉన్నాయి. క్యాన్సర్ ఆస్పత్రుల్లో ప్రతి రోగికీ డైటీషియన్‌తో కూర్చుని మాట్లాడే సమయం చికిత్సలో భాగం కావాలి. నూనె మానేయండి అన్న ఒక్క ముక్కతో సరిపెట్టకుండా బరువు, నడక, మద్యం గురించి అడగాలి. "నా వల్లే వచ్చిందా" అని అడిగిన మనిషికి, ఏ ఒక్క ఆహారం వల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరని డాక్టర్ నోటితో వినిపించాలి.

పత్రికల తప్పూ ఉంది, మాది కూడా. ఒక వారం ఫలానాది తింటే క్యాన్సర్ అని, మరుసటి వారం అదే తింటే రాదని వేసే అలవాటు మా పేజీలకూ ఉంది. ఇకనుంచి ఈ పత్రికలో ఆహారం, క్యాన్సర్ గురించి ఎక్కడ శాతం వేసినా, పక్కనే పదివేల మందిలో ఎంతమందో కూడా వేస్తాం. ప్రయోగం ఎలుకల మీద జరిగితే ఎలుక అన్న మాట శీర్షికలోనే ఉంటుంది.