బడాయికి చెక్‌పోస్టు లేదు

పర్లాకిమిడిలో పుట్టినవాడికి కొన్ని సంగతులు ఎవరూ నేర్పకుండానే వస్తాయి. బడాయి అనే మాటకి అర్థం అందులో ఒకటి.

బడాయి అంటే గర్వం అని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లుమంట. గర్వానికి వెనకాల ఎకరం పొలమో, ఓ ఉద్యోగమో ఏడవాలి. పొగరు ముక్కు మీద ఉంటుంది, టెక్కు నడకలో కనిపిస్తుంది. పలకరిస్తే మొహం తిప్పుకునేది గీర (అది మా మేనత్తల సొత్తు, దాని జోలికి నేను పోను). బడాయికి మాత్రం పైసా పెట్టుబడి అక్కర్లేదు. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అన్నారే, ఆ నూనే ఇది.

మా బావనే చూడండి. టీకొట్టు బల్ల మీద కూర్చుని, గాజు గ్లాసు అంచు రెండు వేళ్లతో పట్టుకుని, చిటికెన వేలు ఆకాశానికెత్తి, "ఏటనుకున్నావు? మా ఊరికి 1900లోనే రైలొచ్చింది" అంటాడు. వేయించింది రాజావారు, ఈయన కాదు. నౌపడా నుంచి వచ్చిన ఆ చిన్న లైనుకి పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులు. బావ నోరు మాత్రం పుట్టుకతోనే బ్రాడ్‌గేజి. టీ డబ్బులు నేనిచ్చాను.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా విడిగా ఏర్పడింది. మద్రాసు కింద ఉన్న మమ్మల్ని అందులో కలిపారు. బోర్డుల మీద అక్షరాలు మారాయి, బడాయి మారలేదు. ఒడియావాళ్లకీ అదే మాట, కాస్త గుండ్రంగా, 'బొడెయి'. మరాఠీలో 'బఢాయి'. అంటే అటు మహారాష్ట్రలోని సిరోంచ తెలుగువాడికీ ఈ విషయంలో లోటేమీ లేదన్నమాట.

నాకు మాత్రం ఆ జబ్బు లేదు. ఉన్నదే చెబుతాను. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పింది మా ఊళ్లోనే. సవర గిరిజనుల భాష నేర్చుకుని పుస్తకాలు రాసిందీ, వాడుక తెలుగు కోసం పండితులతో తగువు పెట్టుకుందీ ఇక్కడుండగానే. ఊరిని ఒరిస్సాలో కలుపుతున్నారని 1936లో వెళ్లిపోయారనుకోండి. ఆయన వెళ్లారు గానీ ఆయన పేరుని మేం వెళ్లనివ్వలేదు. కాబట్టి ఇవాళ వాడుక భాషలో ఎవరు ఏం రాసినా మా ఊరికి ఎంతో కొంత రాయల్టీ ముట్టాలి.

ఈ మాటే మొన్న శ్రీకాకుళంలో పెళ్లి పంక్తిలో చెప్పాను. ఎదుటి విస్తరి ముందు కూర్చున్న అత్త పప్పు కలుపుకుంటూ, "అయితే నీకు సవర ఎంత వచ్చేటి, నాయనా?" అంది.

"అదలా ఉంచు గానీ అత్తా, మా ఊరికి 1900లోనే రైలొచ్చింది, తెలుసా?" అన్నాను.