వరెన్నాలో దండెం

మొన్న మంగళవారం జరిగిన సంగతి ఇది. మా బంధువుల వాట్సాప్‌లో ఇప్పటికే మూడు రకాలుగా తిరుగుతోంది. ఒక కథనంలో నాకు గుండెపోటు వచ్చింది. ఇంకొక దానిలో నన్ను ఇటలీ పోలీసులు పట్టుకున్నారు. మా తోడల్లుడి ప్రకారం నేను సరస్సులో పడ్డాను, ఎవరో తాడు వేసి లాగారు. తాడు మాత్రం నిజం. మిగతాది నేనే రాసేస్తే ఒక పని అయిపోతుంది.

మా అమ్మాయి, అల్లుడు మ్యూనిక్‌లో ఉంటారు. మా పెళ్లయి 40 ఏళ్లు నిండాయని అల్లుడు మాకు ఇటలీలో కోమో సరస్సు ఒడ్డున, వరెన్నా అనే ఊళ్లో, మహా ఖరీదైన అతిథి గృహంలో రెండు రాత్రులకు గది తీసుకున్నాడు. రాత్రికి 340 యూరోలు. ఈ అంకె నాకు ఎవరూ చెప్పలేదు, నేనే కనిపెట్టాను. మన రూపాయల్లోకి మార్చుకున్నాక ఆ పరుపు మీద నిద్ర పట్టలేదు. మిలాన్‌లో మమ్మల్ని రైలెక్కిస్తూ, "గంట ప్రయాణం మామయ్యగారూ, దిగితే సరస్సే" అని చేతిలో 11 పేజీల కాగితాలు పెట్టాడు. కాగితం టిక్కెట్టయితే ఎక్కేముందే యంత్రంలో ముద్ర వేయించుకోవాలి. భోజనం తర్వాత కాపుచినో అడగకూడదు, అది పొద్దుటి పూట తాగేది, నవ్వుతారు. రాత్రి ఏడున్నర కాకుండా భోజనం అడగకూడదు. అన్నీ రాశాడు. ఆ తాడు గురించి మాత్రం రాయలేదు. రాశానంటాడు. ఏడో పేజీలో, అడుగున ఉందంటాడు. ఏడో పేజీ మీద మా ఆవిడ పులిహోర పొట్లం పెట్టింది. నూనె మరకలో ఏం రాసి ఉందో నేనెలా చదవను?

నీటిపారుదల శాఖలో 33 ఏళ్లు పనిచేసి రిటైరైన వాణ్ణి. నీళ్లు కనబడితే లోతు అడగకుండా ఉండలేను. కోమో సరస్సు విస్తీర్ణం 146 చదరపు కిలోమీటర్లు, లోతు 400 మీటర్ల పైమాట. మన నాగార్జునసాగర్ ఆనకట్టలు మూడు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినా మునిగిపోతాయి. వరెన్నా పక్కనే ఫియుమెలాత్తే అని ఒక నది ఉంది. పేరుకు అర్థం పాలనది. కొండలోంచి తెల్లగా నురగలు కక్కుతూ వచ్చి సరస్సులో పడుతుంది. పొడవు మొత్తం 250 మీటర్లు. మా శాఖలో అయితే పిల్లకాలువ కింద కూడా రాసేవాళ్లం కాదు. ఇక పటంలో సరస్సు ఆకారం చూస్తే ఎవరో లాగు ఉతికి ఆరేసినట్టుంటుంది. నడుము ఉత్తరాన, ఒక కాలు కోమో ఊరి వైపు, ఇంకో కాలు లెక్కో వైపు. ఆ పోలిక తట్టినప్పుడే నేను జాగ్రత్తపడవలసింది.

మా ఆవిడ ఒడ్డున ప్రేమికుల బాట అని ఒకటుందని తెలుసుకుని, ఫొటోలు తీసుకుందాం రమ్మంది. 63 ఏళ్ల వయసులో ప్రేమికుల బాట ఏమిటని నేను స్నానానికి వెళ్లాను. ఆమెతో వెళ్లి ఉంటే సరిపోయేది. ఈ మాట ఆమె ఇప్పటికి పదిసార్లు అంది కాబట్టి నేను మళ్లీ అనను.

స్నానాలగది మా హైదరాబాదు ఇంట్లో పడకగదంత ఉంది. గోడల నిండా పాలరాయి. ఇటలీలో ప్రతి ఇంట్లో కనీసం ఒక స్నానాలగదిలోనైనా బిడే, అంటే దొడ్డికి వెళ్లాక కడుక్కునే చిన్న తొట్టి, ఉండాలని 1975లోనే ప్రభుత్వం ఉత్తర్వు చేసిందట. నీళ్ల విషయంలో మన మనసెరిగిన ప్రభుత్వం యూరప్‌లో ఒకటుందని మురిసిపోయాను. అయితే, అంత దూరం ఆలోచించిన ప్రభుత్వం దండెం గురించి ఒక్క ముక్క రాయలేదు.

దండెం ఎందుకంటారా? స్నానంతో పాటు బనియను ఉతుక్కోవడం నాకు హాస్టల్ రోజుల నుంచి అలవాటు. ఎంత ఖరీదైన చోటైనా ఈ నియమం మారదు, ఖరీదైన చోట అయితే మరీను, అక్కడ లాండ్రీ ధరలు చూస్తే కొత్త బనియన్లు కొనుక్కోవడమే చవక. ఆ రోజు ఒక బనియను, ఒక చెడ్డీ, రెండు జేబురుమాళ్లు ఉతికాను. పిండాను. ఆరేయడానికి చూస్తే మేకు లేదు, తీగ లేదు. బాల్కనీ ఉంది. సరస్సు మీద మధ్యాహ్నం పూట దక్షిణం నుంచి బ్రేవా అనే గాలి వీస్తుంది. ఆ గాలికి బనియను ఇట్టే ఆరుతుంది. కానీ బాల్కనీలో బట్టలు ఆరేయరాదని గదిలోని సూచనల పుస్తకం మొదటి పేజీలోనే ఉంది. నేపుల్స్ సందుల్లో ఈ కొస నుంచి ఆ కొసకు వేలాడే బట్టలను ఫొటోలు తీసి కార్డులు అచ్చువేసి అమ్ముకునే దేశం ఇది! పేదవాళ్ల బనియను అందం, నా బనియను అసహ్యం.

అప్పుడు కనబడింది తాడు. స్నానపు తొట్టి పక్కన, పైకప్పు దగ్గర చిన్న తెల్ల డబ్బాలోంచి వేలాడుతోంది. సన్నగా, తెల్లగా, కొసన ఎర్రటి ప్లాస్టిక్ పిడితో. దాని మీద ఒక్క అక్షరం లేదు. సబ్బుకు పేరు రాసి పెట్టారు, షాంపూకు రాశారు, తువ్వాళ్లలో ఏది మొహానికి ఏది కాళ్లకో కుట్టుపనితో రాశారు. తాడుకు మాత్రం ఏమీ లేదు. నేను ఇంజనీరును కదా, ఆలోచించాను. తొట్టి పక్కన తాడు ఎందుకుంటుంది? లాగి ఎదుటి గోడకు కట్టుకునే మడత దండెం అయి ఉంటుంది. మర్యాదస్తులు కాబట్టి వాడనప్పుడు వేలాడదీసి ఉంటారు. ఎదుటి గోడకు తువ్వాళ్లు వెచ్చబెట్టే కమ్మీ ఉండనే ఉంది. పిడి పట్టుకుని లాగి, బిగించి, ఆ కమ్మీకి పలుపు ముడి వేశాను.

ఈ ముడి గురించి కొంచెం చెప్పాలి. మా నాన్నగారు గేదెలను కట్టుగొయ్యకు కట్టేటప్పుడు వేసే ముడి అది. గేదె ఎంత గుంజితే అంత బిగుస్తుంది. మా ఇంట్లో ఇది నాకొక్కడికే వచ్చు. 1986లో మా ఆవిడ కాపురానికి వచ్చినప్పుడు ఆమె పెట్టెను బస్సు మీద నేనే ఈ ముడితో కట్టాను. ఊరొచ్చాక విప్పలేక కొడవలితో కోశారు, బస్సు పావుగంట ఆగింది, కండక్టరు మా మామగారి ముందే నన్ను ఏదో అన్నాడు. అది ముడి గొప్పతనమే కానీ లోపం కాదని నా అభిప్రాయం.

బనియను వేశాను, చెడ్డీ వేశాను. రెండో జేబురుమాలు వేస్తుండగా ఎక్కడో గంట మోగడం వినపడింది. మోత మొదలై ఎంతసేపయిందో, షవరు కట్టేదాకా నాకు తెలియలేదు. సాన్ జోర్జో గుడి గంట అనుకున్నాను. ఊరి నడిబొడ్డున పెద్ద గుడి ఉంది, సాయంత్రం పూజ వేళయి ఉంటుందని మనసులో దణ్ణం కూడా పెట్టుకున్నాను. గంట ఆగలేదు. వీళ్ల పూజ మన కన్నా పొడుగు అనుకున్నాను. ఫోను మోగింది. తడి చేతులతో ఎత్తి "ఓకే, ఓకే" అని పెట్టేశాను, ఎందుకంటే అవతలి వాళ్లు ఏం చెబుతున్నారో ఆ మోతలో వినపడలేదు. తర్వాత తలుపు బాదడం మొదలైంది.

లుంగీ చుట్టుకుని, వాళ్లిచ్చిన తెల్లటి గుడ్డ చెప్పులు తొడుక్కుని తలుపు తీశాను. ఇక్కడ ఒక మాట. పందొమ్మిది వందల ఏళ్ల కిందటి రోమన్ రచయిత చిన్న ప్లినీకి ఈ సరస్సు ఒడ్డున ఇష్టమైన భవనాలు రెండు ఉండేవి. ఒకదాన్ని విషాదం అని, ఇంకొకదాన్ని హాస్యం అని పిలుచుకునేవాడు. విషాద నాటకాల్లో నటులు ఎత్తు మడమల బూట్లు వేసుకునేవారు, కాబట్టి బండల మీద ఎత్తున ఉన్నది విషాదం. హాస్య నాటకాల వాళ్లవి పల్చటి చెప్పులు, కాబట్టి నీళ్ల అంచున ఉన్నది హాస్యం. నా కాళ్లకు ఏమున్నాయో ఇప్పుడే చెప్పాను.

తలుపు బయట నలుగురున్నారు. అతిథి గృహం యజమానురాలు, చేతిలో ఫోనుతో, 112 నొక్కడానికి సిద్ధంగా. సామాన్లు మోసే కుర్రవాడు. పక్క గదిలో దిగిన తెల్లజుట్టు జర్మన్ పెద్దమనిషి. ఆయన వెనక ఆయన భార్య, ఒక దిండు పట్టుకుని. దిండు ఎందుకో ఇప్పటికీ తెలియదు. యజమానురాలు నన్ను ఎగాదిగా చూసి, కళ్లు పెద్దవి చేసి, "కూరే? కూరే?" అంది.

ఆ మాట "కువోరే" అట, గుండె అని అర్థమట. నాకేం తెలుసు? రెండు రోజులుగా మొక్కజొన్న సంకటి, వాళ్లు దాన్ని పోలెంటా అంటారు, దాని పక్కన ఈ సరస్సులోనే పట్టి ఎండబెట్టిన చేప, ఇదే భోజనం. మా ఆవిడ చేపలు తినదు, వట్టి సంకటి తిని లేచింది. ఉదయం నేను ఆ కుర్రవాడితో మాకు కూరగాయలు ఏమైనా దొరుకుతాయా అని అడిగి ఉన్నాను. ఇంతమంది కదిలి వచ్చి కూర కావాలా అని అడుగుతుంటే నాకు కళ్లు చెమర్చాయి. నాకొచ్చిన ఇటాలియన్ ఒక్కటే ముక్క. "సీ, సీ" అన్నాను. మన దగ్గర అది ఛీత్కారం, అక్కడ అవును అని. అది చాలనట్టు, మాకు అంత శ్రద్ధ అక్కరలేదు, మీ అభిమానం చాలు అన్నట్టు గుండె మీద చెయ్యి వేసుకుని తల వంచాను.

మరుక్షణం నేను మంచం మీద ఉన్నాను. ఎవరు ఎత్తారో తెలియదు. కాళ్ల కింద ఆ దిండు వచ్చింది. జర్మన్ పెద్దమనిషి "డాక్టర్, డాక్టర్" అని తన రొమ్ము మీద కొట్టుకుని నా నాడి పట్టుకున్నాడు. కనురెప్పలు ఎత్తి చూశాడు, నాలుక చాపమన్నాడు, దవడ కింద నొక్కాడు, చెవులు కూడా తడిమి చూశాడు. ఏ డాక్టరూ నన్ను ఇంత వివరంగా చూడలేదే అనుకున్నాను. (ఆయన పశువుల డాక్టరని మర్నాడు ఉపాహారం దగ్గర తెలిసింది.) నేను లేవబోతే నలుగురూ కలిసి అదిమారు. ఇంగ్లీషులో చెబుదామంటే మోత. ఆ గంట మోగుతూనే ఉంది, తాడు వదులైతే తప్ప ఆగదట. కుర్రవాడు ఆపడానికి స్నానాలగదిలోకి పరుగెత్తాడు. పరుగెత్తిన వాడు బయటికి రాలేదు. లోపలి నుంచి ఇటాలియన్‌లో ఏదో అన్నాడు. యజమానురాలు వెళ్లింది, ఆమె కూడా ఏదో అంది. భాష ఏదైనా, పలుపు ముడి ముందు మనిషి అనే మాటలు నాకు తెలుసు.

సరిగ్గా ఆ సమయంలో మా ఆవిడ వచ్చింది. మంచం మీద నేను, నా నాడి పట్టుకుని ఒక పరాయి మనిషి, కాళ్ల దగ్గర ఒక పరాయి స్త్రీ. ఆమె కంగారు పడుతుందనుకున్నాను. నా మొహం ఒకసారి చూసింది, గంట విన్నది, నేరుగా స్నానాలగది గుమ్మం దగ్గరికి వెళ్లి తొంగి చూసింది. బనియను, చెడ్డీ, ఒకటిన్నర జేబురుమాలు.

"ఏమండీ, పలుపు ముడి వేశారా?"

నేను కళ్లు మూసుకున్నాను. జబ్బు మనిషిగా ఉండిపోవడమే మర్యాదగా అనిపించింది.

ఆమె గాజుకు ఉన్న పిన్నీసు తీసి, ముడిలో గుచ్చి, అటూ ఇటూ రెండుసార్లు కదిపింది. గంట ఆగింది. లోపల చప్పట్లు వినపడ్డాయి. 40 ఏళ్లుగా ఆ ముడి విప్పడం తనకు వచ్చునని ఆమె నాకు ఎందుకు చెప్పలేదో, మరి ఆ కొడవలి ఎందుకు తెప్పించారో, ఈ ప్రశ్నలకు జవాబు ఇంకా రాలేదు.

తర్వాత యజమానురాలు తన ఫోనులో ఏదో మాట్లాడి నా ముందు పెట్టింది. ఫోను నాకు హిందీలో చెప్పింది. భారతీయుడంటే హిందీవాడేనని దానికి ఎవరు నేర్పారో! నాకొచ్చిన హిందీ ప్రకారం ఆ మాటకు అర్థం: "ఈ దారం ప్రాణం పోయేవారికి మాత్రమే." అలాంటప్పుడు దాని మీద ఒక చీటీ అంటించవచ్చు కదా అని నేను తెలుగులోనే అన్నాను. ఎవరూ తర్జుమా చేయలేదు.

మర్నాడు పొద్దున గది ఖాళీ చేసేటప్పటికి తాడుకు చీటీ వేలాడుతోంది. దాని మీద బనియను బొమ్మ, బొమ్మ మీద ఎర్రగా కొట్టివేత. చేతులు లేని బనియను. మామూలు చొక్కా బొమ్మ వేసి ఉండవచ్చు కదా. ఇకపై వచ్చే వాళ్లందరూ ఆ బొమ్మ చూసి ఎవడో అనుకుంటారు, ఆ ఎవడో నేను.

బిల్లులో ఊరి పన్ను వేశారు, తలకు ఇంత, రాత్రికి ఇంత. దాని కింద లాండ్రీ అని ఇంకో పంక్తి. నా బట్టలు వాళ్లే తీసుకెళ్లి, ఇస్త్రీ చేసి, పల్చటి కాగితంలో చుట్టి, నీలం రిబ్బను కట్టి మంచం మీద పెట్టారట. బనియనుకు రిబ్బను. నేను అడగలేదు. ఉతికింది నేను, పిండింది నేను, డబ్బు మాత్రం వాళ్లకు. అది కూడా పోనివ్వండి. బిల్లులో మూడు బట్టలని రాశారు, పొట్లంలో మూడే ఉన్నాయి. నేను వేసినవి నాలుగు. నీలం అంచు జేబురుమాలు లేదు. అల్లుణ్ణి వాళ్లకు మెయిల్ రాయమన్నాను. "రాస్తాను మామయ్యగారూ" అన్నాడు. శుక్రవారం వచ్చింది, ఇంకా రాయలేదు.