సవరణ: ఐబీరియా వ్యాన్ మోడల్ గురించి

నా దగ్గరున్న ఐబీరియా ఎయిర్‌లైన్స్ (స్పెయిన్ విమాన సంస్థ) రంగుల చిన్న వ్యాన్ మోడల్ గురించి మొన్న రాస్తూ, దాన్ని జర్మనీలో తయారైన డీకేడబ్ల్యూ కంపెనీ ష్నెల్‌లాస్టర్ వ్యాన్ అన్నాను. అది తప్పు. ముందు భాగంలో డీకేడబ్ల్యూ పేరు చూసి జర్మన్ బండి అనేసుకున్నాను. క్షమించండి.

అది ఎఫ్1000ఎల్ అనే తర్వాతి తరం వ్యాన్. పేరు జర్మన్ కంపెనీదే కానీ, బండి తయారైంది స్పెయిన్‌లోని విటోరియా నగరంలో, ఇమోసా ఫ్యాక్టరీలో. అక్కడ 1954 నుంచి ష్నెల్‌లాస్టర్ కూడా తయారయ్యేది. 1963లో దాని స్థానంలోకి ఈ ఎఫ్1000ఎల్ వచ్చింది. మూడు సిలిండర్ల టూ స్ట్రోక్ ఇంజన్, ముందు చక్రాలకే శక్తి. వెనక చక్రాలకు శక్తి అందించే కడ్డీ (డ్రైవ్ షాఫ్ట్) లేదు కాబట్టి సామాను పెట్టే నేల కిందికి ఉంటుంది, బరువులు ఎక్కించి దించే పనికి అదెంత సుఖమో! ఆ ఫ్యాక్టరీ తర్వాత మెర్సిడెస్ చేతికి వెళ్లింది. ఇప్పటి వీటో వ్యాన్లు తయారయ్యేదీ విటోరియాలోనే.

స్పెయిన్ కార్మికుల పనిని జర్మనీ ఖాతాలో వేసినందుకే నాకు ఎక్కువ బాధగా ఉంది.

ఇంకొకటి. ఈ మోడల్ స్కేల్ 1:43, అంటే అసలు బండిలో 43 సెంటీమీటర్లు మోడల్‌లో 1 సెంటీమీటరు. నేను 1:34 అని అంకెలు తారుమారు చేశాను. పాత పోస్టులో రెండూ సరిచేశాను.